‘మీవోళ్లు ఎందుకు ఎదగలే?’ అని అడిగితే

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మాదిగలం. నా వయసు 31. మహబూబ్‌నగర్‌లో ఒక బ్యాంకు శాఖలో క్లర్కుని. మా అమ్మానాన్న మేస్త్రీ వెంట కాలువ పనులకు తిరిగారు. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా బ్రాంచిలో ఒక సీనియర్ సార్ ఉన్నారు, మంచివారే. ఆయన తమ్ముడు అమెరికాలో ఉంటాడు. మొన్న భోజనాల దగ్గర ఆ సార్, ‘‘యూదులు పడని కష్టమా? అమెరికాలో జపానోళ్లను క్యాంపుల్ల పెట్టిన్రు. మార్వాడీలు చెంబు పట్టుకొని వచ్చిన్రు. అందరు ఎదిగిన్రు. డెబ్బై అయిదేండ్ల సంది రిజర్వేషన్ ఉన్నా మీవోళ్లు ఎందుకు ఎదగలే?’’ అన్నారు. నాకు మాట రాలేదు. కానీ నా టెన్షన్ వేరే. ఊళ్లో తమ్ముడికి నెలనెలా డబ్బు పంపుతున్నాను. సర్కారు ఇచ్చిన రెండెకరాల లావణి పట్టా భూమిలో రెండు బోర్లు వేస్తే రెండూ పడలేదు. ఆటో కొనిచ్చాను, అది ఇంటి ముందే నిలబడి ఉంటోంది. తాగుతున్నాడు. వాడి కూతురు గురుకులంలో తొమ్మిది చదువుతోంది. ‘ఇంకెన్నాళ్లు’ అని నా భార్య అడుగుతోంది. సార్ అన్నదే నిజమేమో, లోపం మాలోనే ఉందేమో అని రాత్రిళ్లు అనిపిస్తోంది. ఆయనకు ఏం చెప్పాలి? తమ్ముడిని ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సార్ అడిగిన ప్రశ్న భోజనాల బల్ల దగ్గరే ఆగిపోయి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. అది మీ వెంట ఇంటికొచ్చి మీ తమ్ముడి మీద కూర్చుంది. నన్ను కలవరపెట్టింది అదే. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ముప్పై ఏళ్లు నల్గొండలో ఎకనామిక్స్ చెప్పినదాన్ని, చాక్‌పీస్ దొరికితే వదిలిపెట్టను.

సార్ చెప్పినవేవీ అబద్ధాలు కావు. చిక్కంతా ఆయన అన్ని కష్టాలనూ ఒకే సంచిలో వేసి తూకం వేయడంలో ఉంది. మీ బ్యాంకుకు అప్పు కోసం వచ్చినవాణ్ని ‘నువ్వెంత ఏడ్చావు’ అని అడుగుతారా? ‘నీ దగ్గర ఏముంది’ అని అడుగుతారు. కులాల గురించీ, జాతుల గురించీ అడగాల్సింది కూడా అదే. వాళ్ల దగ్గర లాక్కున్నదేమిటి? లాక్కోగా చేతిలో మిగిలిందేమిటి? తలుపు తెరిచిన రోజున ఆ మిగిలినదానికి ధర పలికిందా, లేదా?

మా ఇంటి సంగతే చెబుతాను. మాది గట్టుప్పల్ దగ్గర పల్లె, మగ్గం ఇల్లు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, నాగార్జునసాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. వరసగా వానలు లేవు, నూలు కొనే దిక్కు లేదు. ఒకే నెలలో మా ఊరి నుంచి ఇద్దరు బయలుదేరారు. ఒకరు మా చిన్నాయన, సోలాపూర్‌కి. ఇంకొకాయన మాదిగవాడ నుంచి, సాగర్‌కి.

మా చిన్నాయన జేబులో ఒక పోస్టుకార్డు ఉంది. దాని మీద మా నాయనమ్మ అన్నగారి అడ్రసు. దిగగానే ఆ ఇంట్లో అన్నం, పడుకోవడానికి చోటు. తెలంగాణ నుంచి పద్మశాలీలు తరాలుగా వలసపోయి స్థిరపడిన ఊరది, అప్పటికే అక్కడ మగ్గాల యజమానుల్లో మావాళ్లు ఉన్నారు. మూడో రోజున పనిలో పెట్టుకున్నారు. చేతి మగ్గం నేసినవాడికి మరమగ్గం అర్థం కావడానికి ఎన్నాళ్లు పడుతుంది? సుఖపడ్డాడని అనను. మా చిన్నమ్మ బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకర పోయాయి. కానీ పదిహేనేళ్లకు సొంతంగా రెండు మగ్గాలు కొన్నారు. పిల్లలు అక్కడే తెలుగు బడిలో చదివారు. మనవడు ఇప్పుడు పుణెలో ఇంజినీరు.

సాగర్ వెళ్లినాయన జేబులో మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంది. అంటే అప్పు. భార్య, ఇద్దరు పిల్లలతో పోయాడు. మీకు తెలిసిందే, ఇలాంటి పనికి మనిషొక్కడే పోతే గిట్టదు, ఇంటిల్లిపాదీ పోవాలి. అది రాతి డ్యామ్. ఆ రాళ్లు మోసి మోసి తిరిగొచ్చేసరికి అప్పు అలాగే ఉంది. మళ్లీ ఇంకో కాలువ, ఇంకో ప్రాజెక్టు. పిల్లలు ఏ ఊళ్లో బడికి పోవాలి? పాలమూరు కూలీ అని దేశమంతా పేరు పడిన బతుకు అది. మీ అమ్మానాన్న బతికింది అదే కదా.

ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారంటే, సాగర్ పోయినాయనే అంటాను, ఏ మొహమాటమూ లేకుండా. తెలివి తక్కువవాడా అంటే, ఊరి మోటబావులన్నిటికీ తోలుబొక్కెనలు కుట్టింది ఆయనే. బయలుదేరే ముందు ఆయన మా ఇంటికొచ్చి మా నాయనను, ‘‘అయ్యా, నాకు గూడ సోలాపూర్ల ఎవలకన్న ఒక చీటీ రాసియ్యుండ్రి’’ అని అడిగాడు. మా నాయన నవ్వి, ‘‘ఆడ నీకేం పని దొరుకుతది’’ అన్నాడు. ఆయన అరుగు కింద నిలబడే ఉన్నాడు. మా అమ్మ ఎత్తు నుంచి నీళ్లు పోస్తే దోసిట్లో తాగి వెళ్లిపోయాడు. మేమూ బీదవాళ్లమే. కానీ ఆ పోస్టుకార్డు మా కులం లోపలే తిరిగింది.

పనితనం మీవాళ్లకీ ఉంది. నేతగాడు నేసిన చీర ఊరి సంతలోనో, హైదరాబాద్ అంగట్లోనో అమ్ముడుపోతుంది, కొనేవాడు ఎవరైనా కావచ్చు. తోలుబొక్కెనకు, చెప్పులకు ధర కట్టింది ఊరు. కళ్లం దగ్గర నిలబడితే ఇన్ని గింజలు, అంతే. బేరం లేదు, నగదు లేదు. కరెంటు మోటార్లు వచ్చాక బొక్కెన పోయింది, ఫ్యాక్టరీ చెప్పులు వచ్చాక ఆ పనీ పోయింది. మరి వ్యాపారం ఎందుకు పెట్టలేదంటారా? మీ తాత ఆ రోజుల్లో ఊళ్లో చాయ్ హోటల్ పెట్టి ఉంటే తాగేవాళ్లు ఎవరు? వేరే హోటల్లోనే ఆయనకు విడిగా గ్లాసు పెట్టిన ఊళ్లు ఇవి, తాగాక ఆ గ్లాసు ఆయనే కడిగి పెట్టాలి. మార్వాడీ పరాయివాడే, భాష వేరే, నిజమే. కానీ ఆయనకు బజార్లో షాపు కిరాయికి ఇచ్చారు, ఆయన చేతి సరుకు కొన్నారు. సొంత కులం షావుకారు సరుకు అరువిచ్చాడు. మార్వాడీ పిల్లవాడు లెక్క తప్పడు అంటారు చూడండి, అది రక్తంలో ఉన్న గుణమేం కాదు. లెక్క తప్పితే ఇంకెక్కడా అప్పు పుట్టదని వాడికి చిన్నప్పుడే తెలుసు. నిజాయితీకి లాభం వచ్చే చోట నిజాయితీ అలవాటవుతుంది. గింజలు ఎన్ని పెట్టాలో దొర చిత్తమైన చోట ఏ అలవాటు పెరుగుతుంది?

భూమి సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చారు, తర్వాత ఆ భూమికి వాళ్లనే యజమానులను చేసే 38-ఇ సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. మంచి చట్టమే. కానీ కౌలుదారు అంటే కాగితంలో పేరున్నవాడు. దొర ఇంట్లో ఏడాదికి ఇన్ని గింజలని జీతం ఉండి, బాకీ తీరేదాకా కదలలేని జీతగాడి పేరు ఏ కాగితంలో ఉంటుంది? మేలు చేసే చట్టం కూడా చేతిలో ఎంతో కొంత ఉన్నవాడినే ముందు వెతుక్కుంటూ పోయింది. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా చెప్పుకున్నారు. చెప్పుకున్నారంటేనే తెలుస్తోంది, అలా ఇవ్వడం ఎంత అరుదో.

ఆ తర్వాత మీవాళ్లకు వచ్చింది లావణి పట్టా. దున్నుకోవచ్చు, అమ్ముకోకూడదు. పేదవాడి భూమి పెద్దవాడు కొనేయకుండా 1977లో చట్టమే చేశారు. కాపాడటానికే చేశారు, కాదనను. కానీ అమ్మే హక్కు లేని భూమి పట్టుకొచ్చినవాడికి బ్యాంకులో ఏ మర్యాద దొరుకుతుందో మీకు నేను చెప్పాలా? పక్క పొలం పట్టాదారు కొడుకు చదువుకో, వీసాకో ఒక ఎకరం అమ్ముతాడు. ఇక వెట్టి కూలీని రద్దుచేసిన చట్టం వచ్చింది 1976లో. అంటే మీ నాన్న చిన్నప్పటి మాట. డెబ్బై అయిదేళ్ల రిజర్వేషన్ అంటారు గానీ, ఆ గడప దాకా రావాలంటే ముందు పదో తరగతి పాసవ్వాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో చదువు అన్నిటికంటే తక్కువ ఉన్న జిల్లా మన పాలమూరే, నూటికి 55 మంది. ఎస్సీల లోపల కూడా అందరికీ ఒకేలా అందలేదనే 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను మూడు గ్రూపులుగా విడదీసి 1, 9, 5 శాతాలుగా పంచారు.

ఇప్పుడు సార్ చెప్పిన యూదులు. యూరప్‌లో చాలాచోట్ల వాళ్లను భూమి కొననివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వలేదు. వ్యాపారం, వడ్డీ వైపు నెట్టారు. మగపిల్లలకు గ్రంథం చదవడం మత విధి కాబట్టి అక్షరం ఇంట్లో ఉంది. 1881 నుంచి 1924 మధ్య 20 లక్షల మందికి పైగా అమెరికా చేరారు, వాళ్లలో కుట్టుపని వచ్చినవాళ్లు ఎందరో. సరిగ్గా అప్పుడే న్యూయార్క్‌లో రెడీమేడ్ బట్టల పరిశ్రమ పెరుగుతోంది. మా చిన్నాయనకు సోలాపూర్ దొరికినట్టు వాళ్లకు న్యూయార్క్ దొరికింది. (ఎదిగితే అన్నీ సర్దుకుంటాయని కూడా సార్ అనుకోకూడదు. జర్మనీలో యూదులు డాక్టర్లు, ప్రొఫెసర్లు, షాపుల యజమానులు అయ్యాకే కదా వాళ్లను వేటాడింది.) 1942లో అమెరికా క్యాంపుల్లో పెట్టిన సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లు పొలాలు, అంగళ్లు పోగొట్టుకున్నారు. చదువూ, సేద్యం తెలివీ పోలేదు. యుద్ధం ముగింపుకొచ్చాక ఇళ్లకు పోనిచ్చారు, 1952లో వలస వచ్చిన పెద్దవాళ్లకూ పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చింది, 1988లో ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది.

అదే అమెరికాలోని నల్లవాళ్ల పేరు మాత్రం సార్ ఎత్తలేదు, గమనించారా? మీ కథకు దగ్గరగా ఉన్నది వాళ్ల కథ. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసకు చదువు చెప్పడమే నేరం. 1865లో బానిసత్వం పోతున్న రోజుల్లో కొందరికి తలా 40 ఎకరాల లెక్కన భూమి పంచారు, ఆ ఏడాదే కొత్త అధ్యక్షుడు దాన్ని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీసి, వాళ్లు ఉండే వాడలకు ఎర్ర రంగు వేసింది. అప్పు ఇస్తే ప్రమాదం అని దాని అర్థం. ఇల్లు కొనుక్కోవడమే మధ్యతరగతి ఆస్తి పోగేసుకునే దారి అయిన దేశంలో, ఆ దారికే గేటు వేశారు. బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

మనవైపు కూడా చూడండి, ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో రకం. లంబాడీలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశం తిరిగిన వర్తకులు. రైలు వచ్చి ఆ వ్యాపారం తీసేసింది. బ్రిటిష్ ఏలుబడిలో 1871 చట్టం కింద ఇలాంటి సంచార కులాలను ఎన్నిటినో పుట్టుదొంగల జాబితాలోకి ఎక్కించారు. ఎస్సీ, ఎస్టీ జాబితాలను సవరించిన 1976 చట్టంతో తెలంగాణలో వాళ్లు ఎస్టీలయ్యారు. మక్తల్ దాటి కృష్ణ అవతల రాయచూరు పోతే అదే లంబాడీ ఎస్సీ, మహారాష్ట్ర పోతే విముక్త జాతి అనే వేరే జాబితా. మనుషులు వాళ్లే, కాగితాలు మూడు. దేవరకొండ తండాల నుంచి ఇవాళ టీచర్లు, ఎస్సైలు వస్తున్నారు. అమ్రాబాద్ అడవిలో చెంచు చేతిలోనూ అదే ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. కానీ బేరసారాలు తెలిసి, ఊరూరా తిరిగిన జాతికి ఆ సర్టిఫికెట్ పనికొచ్చినట్టు, తేనె, దుంపల మీద బతికి ఆ అడవి మీదా హక్కు జారిపోయిన జాతికి పనికిరాలేదు. చెంచులు బద్ధకస్తులు అని లంబాడీల్లోనే అనేవాళ్లున్నారు. సార్ మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి.

మా నల్గొండలో ‘నవాబుల వాళ్లకేం తక్కువ’ అని ముస్లింలను అంటుంటారు, పంక్చర్ షాపు ముందు నిలబడి. నిజాం కాలంలో సర్కారు ఆఫీసుల భాష ఉర్దూ. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక ఆ చదువు కొన్నేళ్లలోనే చెల్లని నోటైపోయింది, నౌకరీలు ఎందరికో పోయాయి. ఆ నెలల్లో సంస్థానంలో చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. నవాబులు సర్దుకున్నారు. నవాబు దగ్గర గుమాస్తాగా ఉన్నవాడి మనవడే ఆ పంక్చర్ వేస్తున్నది.

ఇంతా చెప్పాను గానీ, ఇదంతా లంచ్ అవర్‌లో అప్పజెప్పమని కాదు. ఆయన మంచివారన్నారు కాబట్టి ఒక్క మాట మామూలుగా అడగండి: ‘‘సార్, మీ తమ్ముడుగారు అమెరికా పోయేటప్పుడు ఫీజుకీ, టికెట్‌కీ డబ్బు ఎక్కడిది?’’ పొలం అమ్మామనో, నాన్నగారి పీఎఫ్ అనో, మామగారు ఇచ్చారనో అంటారు. అందులో తప్పేమీ లేదు. అది కూడా ఒక పోస్టుకార్డే. ఇంకా కదిలిస్తే, అమెరికా మనవాళ్లను 1917లో రానివ్వలేదనీ, 1923లో భారతీయుడికి పౌరసత్వం కుదరదని వాళ్ల సుప్రీంకోర్టే చెప్పిందనీ గుర్తుచేయండి. 1965లో చట్టం మార్చి, చదువూ నైపుణ్యం ఉన్నవాళ్లకు తలుపు తీశారు. జల్లెడ పట్టి తీసుకున్న గింజలు అవి. ఆ గుప్పెడు చూపించి పొలమంతా ఇలాగే పండింది అంటే ఎలా? ఆయన వినకపోతే పెరుగన్నం కలుపుకొని తినండి. మీరు అక్కడ ఉన్నది డిపాజిట్ల లెక్కలు చూడటానికి, మీ జాతి తరఫున రోజూ సాక్ష్యం చెప్పడానికి కాదు.

ఇక తమ్ముడు. ఇక్కడ నేను మీ పక్షం పూర్తిగా మాట్లాడను, ఆయన పక్షమూ మాట్లాడను. బోరు పడకపోవడానికీ తాగుడికీ ఒకే లెక్క రాయకండి. కల్వకుర్తి వైపు బోర్లు ఎండిన రైతులు అన్ని కులాల్లో ఉన్నారు, ఊళ్లో అడిగి చూడండి. తేడా ఏమిటంటే వాళ్లలో కొందరికి ఇంకో చెలక ఉంది, ఇంకో అన్న ఉద్యోగం ఉంది. మీ తమ్ముడికి మీరొక్కరే ఉన్నారు. మీ జీతం మీద ఎన్ని ఇళ్లు ఆనుకుని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి: అమ్మానాన్న, తమ్ముడి సంసారం, మీ సంసారం, పెళ్లిళ్లకూ చావులకూ చేబదులు అడిగే మేనత్తలు. సార్ జీతం మీద ఎన్ని ఉంటాయి? ఇద్దరి జీతం ఒకటే అనుకున్నా ఇరవై ఏళ్లకు ఇద్దరి ఇళ్లూ ఒకేలా ఉండవు. ఇది చరిత్ర మీ పే స్లిప్ లోపల ఇప్పటికీ వేస్తున్న కోత. మీ భార్య అడిగేది కూడా ఈ కోత గురించే. ఆమె మీద చిరాకు పడకండి, లెక్క ఆమె ముందు పెట్టండి.

తాగుడు మాత్రం చరిత్ర ఖాతాలో వేయనివ్వకండి. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఒకసారితో తగ్గదు. చేతికి నగదు పంపడం ఆపేయండి. నెలకు ఇంత అని మీరూ మీ భార్యా కలిసి ఒక అంకె తేల్చుకుని, అది మరదలి ఖాతాలో వేయండి. ఆ అంకె తమ్ముడికి ముందే చెప్పండి. మూడో బోరు మాట ఇప్పుడు ఎత్తొద్దు, భూగర్భ జల శాఖ వాళ్లు చూసి చెప్పేదాకా ఆ రెండెకరాల్లో కందో, ఆముదమో వేసుకోమనండి. గురుకులంలో ఉన్న ఆ పిల్ల ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటుందో, ఎంట్రన్స్ ఎప్పుడో ఇప్పటి నుంచే చూస్తుండండి. ఆమెకు చీటీ రాయగల మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే.

ఇంకొక పని చేయండి. తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నారో రాసిన పాత రికార్డు, నకలుకు దరఖాస్తు పెట్టండి. మీ రెండెకరాల సర్వే నంబరుకూ, చుట్టుపక్కల నంబర్లకూ. పట్టాదారు అన్న గడిలో ఎవరి పేర్లున్నాయో, దున్నినవాడి గడిలో ఎవరున్నారో, అసలు మీ తాత పేరు ఎక్కడైనా ఉందో లేదో చదవండి. ఒంటరిగా వెళ్లకండి, తమ్ముణ్నీ తీసుకెళ్లండి, మీకంటే ఆయనకే ఆ కాగితం అవసరం ఎక్కువ. ఆటో ఇంటి ముందే ఉందన్నారుగా. పొద్దున్నే, తాగకముందే, ఆయన్నే నడపమనండి.